కొండవాలులో నిలబడే హ్యాండ్‌బ్రేక్: పాత థార్‌తో నా అనుభవం

ముందే చెప్పేస్తాను. ఆఫ్‌రోడ్ బండికి ఏ హ్యాండ్‌బ్రేక్ మంచిదని అడిగితే నా ఓటు ఇప్పటికీ వెనక చక్రాల డ్రమ్ములకే (డ్రమ్ము అంటే చక్రంతోపాటు తిరిగే గిన్నెలాంటి భాగం, షూలు లోపల్నుంచి దాన్ని అదిమి ఆపుతాయి). కాకపోతే కేబుళ్లు బాగుండాలి, షూలు సరిగ్గా సెట్ చేసి ఉండాలి. నాది పాత 2.5 లీటర్ల సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్ ఉన్న మహీంద్రా థార్. వైజాగ్ నుంచి పాడేరు, వంజంగి, మారేడుమిల్లి వైపు ఏళ్లుగా తిప్పుతున్నాను. "ఇంత పెద్ద టైర్లు వేసుకుని ఇంకా కంపెనీ డ్రమ్ములేనా?" అని తోటివాళ్లు ఏడిపిస్తూనే ఉంటారు. ఏడిపించేవాళ్లలో సగం మంది వాలులో బండి ఆపగానే రాయి వెతుక్కోవడం నేను చూస్తూనే ఉన్నాను.

అసలు హ్యాండ్‌బ్రేక్ మీద ఎంత భారం పడుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. మనుషులు, సామాన్లతో కలిపి బండి రెండు టన్నులనుకుందాం. 20 శాతం వాలు, అంటే సుమారు 11 డిగ్రీలు. ఘాట్ రోడ్డులో అది గట్టి ఎత్తే. అక్కడ బండిని కిందికి లాగే బలం దాదాపు 390 కిలోలు. తారు దాటి కొండదారిలో 20 డిగ్రీల వాలులో ఆపితే అదే బలం 680 కిలోలు దాటుతుంది. రోడ్డు మీద బ్రహ్మాండంగా పనిచేసిన హ్యాండ్‌బ్రేక్ కొండ మీద చేతులెత్తేయడానికి ఇదొక కారణం.

రెండో కారణం టైర్లు. నా థార్‌కి కంపెనీ ఇచ్చిన 235/70 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 29 అంగుళాలు. 33 అంగుళాల టైరు వేస్తే అదే డ్రమ్ము, అదే కేబుల్, కానీ నేల దగ్గర పట్టు 12 శాతం దాకా తగ్గిపోతుంది. 31 అంగుళాలతో తగ్గేది ఆరేడు శాతమే. నేను 31 దగ్గరే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. టైర్లు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

ఇక డ్రమ్ము సంగతి. బండి దొర్లబోతే ఆ దొర్లుడే ఒక షూని డ్రమ్ముకేసి ఇంకా గట్టిగా అదిమేస్తుంది. అందుకే చేత్తో లాగే సన్నటి కేబుల్ అంత బరువును ఆపగలుగుతుంది. దాని శత్రువు బురద. గెడ్డ దాటినప్పుడు నీళ్లతోపాటు సన్నటి ఎర్రమట్టి లోపలికి చేరుతుంది. నీళ్లు కారిపోతాయి, మట్టి ఉండిపోతుంది. ఒక వర్షాకాలం తర్వాత డ్రమ్ము లాగి చూస్తే అడుగున వేలి మందాన ఎండిన మట్టి పేరుకుపోయి ఉంది. షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సర్దే అడ్జస్టర్ పళ్లచక్రం స్క్రూడ్రైవర్‌తో నెట్టినా కదల్లేదు. షూ మీద మాత్రం మందం చాలానే మిగిలి ఉంది. అంటే షూ అరిగిపోలేదు, అడ్జస్టర్ బిగుసుకుపోవడంతో డ్రమ్ము దాకా చేరలేకపోతోంది.

గ్యారేజీల మీద నా ఫిర్యాదు ఇక్కడే. హ్యాండ్‌బ్రేక్ లూజుగా ఉందంటే చాలు, మా ఊళ్లో ఒక గ్యారేజీలో డ్రమ్ము విప్పకుండానే కింద కేబుల్ నట్టు రెండు చుట్లు బిగించి పంపేశారు. లివర్ ఆ పూటకి గట్టిగానే అనిపిస్తుంది. కానీ లోపల షూని నెట్టే లివర్ పూర్తిగా వెనక్కి రాకుండా ఉండిపోతుంది. అలా ఉంటే తనంతట తాను సర్దుకునే అడ్జస్టర్ అయినా పనిచేయదు. షూ రాసుకుంటూ వేడెక్కుతుంది, కేబుల్ సాగుతుంది. సరైన వరస ఇదీ: ముందు కేబుల్ పూర్తిగా వదులు చేయాలి. డ్రమ్ము విప్పి శుభ్రం చేసి, పళ్లచక్రం మరలకు కొంచెం గ్రీజు పెట్టాలి, షూకి మాత్రం తగలనివ్వకూడదు. డ్రమ్ము మళ్లీ ఎక్కించి, చక్రం చేత్తో తిప్పితే షూ సన్నగా రాసుకునేదాకా అడ్జస్టర్ తేవాలి. కాలి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కితే షూలు మధ్యకి వచ్చి కూర్చుంటాయి. కేబుల్ బిగించడం అన్నిటికన్నా ఆఖరున. ఇలా చేయించాక నా బండిలో లివర్ ఐదారు క్లిక్కులకే పట్టేస్తుంది, నెలల తరబడి అక్కడే ఉంటుంది. ఇది పక్కన నిలబడి చేయించుకోవాల్సిన పని.

కేబుల్ కూడా బయటికి బాగానే కనిపిస్తుంది. తొడుగు కిందికి వంగిన చోట నీళ్లు నిలిచి లోపలి తీగ తుప్పు పడుతుంది. చక్రం దగ్గర కొస విప్పి చేత్తో లాగి చూడండి, గరుగ్గా వస్తే మార్చేయడమే. రెండు వైపులా ఒకేసారి మారిస్తే మేలు, లేకపోతే ఒక చక్రం పట్టి రెండోది పట్టక అదో తలనొప్పి.

నా మిత్రుడొకడు వెనక డిస్కు బ్రేకులు పెట్టించాడు, హ్యాండ్‌బ్రేక్ కూడా డిస్కుని ప్యాడ్లతో రెండువైపులా నొక్కే ఆ క్యాలిపర్‌లోనే. కాలి బ్రేకు అద్భుతంగా ఉంది, బురద కూడా ఇట్టే కడుక్కుపోతుంది. కానీ డ్రమ్ములో షూ తనంతట తాను బిగుసుకునే గుణం డిస్కుకి లేదు, కాబట్టి కేబుల్ గట్టిగా లాగాల్సిందే. పైగా ఘాట్ దిగి, డిస్కులు కాలిపోతూ ఉండగా పాడేరులో టీ తాగడానికి ఆపాడు. లివర్ గట్టిగానే లాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు బండి మెల్లగా వెనక్కి జరగడం మొదలైంది. వేడి మీద వ్యాకోచించిన డిస్కు చల్లారేకొద్దీ సన్నబడుతుంది, ప్యాడ్ల పట్టు వదులవుతుంది. డ్రమ్ములో దీనికి తలకిందులు. వేడికి పెరిగిన డ్రమ్ము చల్లారేకొద్దీ షూ మీదికి కుంచించుకుంటుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. డిస్కుల మోజు ఉన్నవాళ్లు డిస్కు మధ్యలో హ్యాండ్‌బ్రేక్‌కి విడిగా చిన్న డ్రమ్ము ఉండే రకం దొరికితే అదే తీసుకోండి.

పాత విల్లీస్ తరహా జీపుల్లో, పాత తరం ల్యాండ్ రోవర్ డిఫెండర్లలో హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఆ శక్తిని యాక్సిల్‌కి చేర్చే కడ్డీ) మీద ఉంటుంది. మా బాబాయి జీపులో దాన్ని చాలాకాలం వాడాను. యాక్సిల్‌లోని పళ్ల నిష్పత్తి వల్ల పట్టు కొన్ని రెట్లవుతుంది, చిన్న బ్రేకే కొండలా ఆపుతుంది. కాలు తీయగానే బండి ముందుకో వెనక్కో ఒక ఊపు ఊగి ఆగుతుంది, అది గేర్ల మధ్య సందు. కొత్తవాళ్లకి గుండె జారుతుంది గానీ అందులో ప్రమాదమేమీ లేదు. అసలు ప్రమాదం జాకీ ఎత్తినప్పుడు. షాఫ్ట్ ఆగి ఉన్నా, రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు, నేల మీది చక్రం ఇంకోవైపు తిరగగలవు. వెనక చక్రం లేపితే బండి జాకీ మీంచి దొర్లిపోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ సీలు కారినా కథ ముగిసినట్టే, ఆయిల్ నేరుగా బ్రేకు మీదికే వస్తుంది. బండి కదులుతుండగా దాన్ని లాగడం మాత్రం వద్దు.

లైన్‌లాక్ గురించి ఎక్కువ చెప్పను. కాలి బ్రేకు తొక్కి ఆ ఆయిల్ ఒత్తిడిని బంధించే వాల్వు అది. విన్చ్ (తాడు చుట్టి లాగే యంత్రం) లాగే కాసేపటికి పనికొస్తుంది. సీలు కాస్త కారినా, రాత్రి చలికి ఒత్తిడి తగ్గినా బండి జారుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వది కాలి బ్రేకు, పార్కింగ్ బ్రేకు దేనికది విడిగా ఉండాలంటుంది. అదే ఆయిల్ మీద బతికే లైన్‌లాక్ ఆ పని చేయలేదు. మీట నొక్కితే పట్టే ఎలక్ట్రానిక్ బ్రేకు ట్రాఫిక్‌లో హాయి. అడవిలో బ్యాటరీ పడుకుంటే దాన్ని వదిలించడమే ఒక టెన్షన్.

ఏ బ్రేకు పెట్టించినా బండి ముక్కు ఎటు ఉందన్నది చాలామంది పట్టించుకోరు. దిగువకు ముక్కు పెట్టి 20 డిగ్రీల వాలులో ఆపితే నాలాంటి పొట్టి బండిలో వెనక చక్రాల మీద మొత్తం బరువులో మూడో వంతుకి కాస్త ఎక్కువే మిగులుతుంది. గులకరాళ్ల మీద అది చాలదు. డ్రమ్ములు ఎంత గట్టిగా పట్టినా చక్రాలు లాకై అలాగే జారతాయి. అందుకే వీలైతే ముక్కు ఎగువకు పెడతాను. కుదరకపోతే ఫోర్ లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే తక్కువ వేగపు గేరు) వేసి, ముందు చక్రాలను షాఫ్ట్‌లకు కలిపే హబ్‌లు లాక్ అయ్యాయని చూసుకుని ఆపుతాను. అప్పుడు వెనక బ్రేకు పట్టు షాఫ్ట్‌ల ద్వారా ముందు చక్రాలకీ అందుతుంది. ఎగువకైతే ఫస్టు గేరు, దిగువకైతే రివర్సు. ఆటోమేటిక్ వాళ్లయితే హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలి బ్రేకు వదిలి, బరువు హ్యాండ్‌బ్రేక్ మీద కూర్చున్నాకే పీ (పార్క్) వేయాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉండిపోతే గేరు వేసినా, పీ వేసినా ఒకటే, ఏదీ ఆపదు. దిగే ముందు ఆ లివర్ మీద ఒకసారి చెయ్యి వేసి చూస్తాను.

ఇవన్నీ చేసినా చెక్క దిమ్మ వేయకుండా బండి వదలను. ఘాట్‌లో లారీ ఆగగానే క్లీనర్ దిమ్మ పట్టుకుని దూకేది ఊరికే కాదు. నా దిమ్మలు రెండూ సీటు వెనకే ఉంటాయి, డిక్కీ అడుగున సామాన్ల కింద పడేస్తే అవసరానికి చేతికి రావు.