భవిత కేంద్రంలో స్పీచ్ థెరపీ: పిల్లల్ని పంపే ముందు చూసుకోవలసినవి

సర్కారు బడిలో మాట స్పష్టంగా రాని పిల్లలుంటే మొదట అడగాల్సింది మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాన్నే. సమగ్ర శిక్ష అనే సర్కారు బడి చదువుల పథకం కింద నడుస్తుంది, ఫీజు లేదు. దేవరకొండ వైపు తండాల నుంచో, పాలమూరు పల్లెల నుంచో హైదరాబాద్ క్లినిక్‌లకు తిరగలేని ఇళ్లకు ఇది నిజమైన ఆసరా. కాకపోతే అక్కడ రోజూ ఉండే ఐఈఆర్‌పీ (ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే) టీచర్ వేరు, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న స్పీచ్ థెరపిస్ట్ వేరు. థెరపిస్ట్ వస్తారా, వస్తే ఏ రోజు వస్తారు అన్నది ముందే కనుక్కోండి.

మంచి కేంద్రం మొదట వినికిడి పరీక్ష రిపోర్ట్ అడుగుతుంది. చెవిలో చీము, గడ్డకట్టిన గుమిలి ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. సరిగా వినపడని శబ్దాన్ని ఎన్నిసార్లు పలికించినా నిలవదు.

తర్వాత పని జరిగే వరుస చూడండి. "కాకి"ని "తాతి" అనే పిల్లకు ముందు తేడా వినిపించాలి: కాళ్లు–తాళ్లు, కోట–తోట బొమ్మలు పెట్టి, చెప్పినదాన్ని చూపమనాలి. తేడా పట్టుకున్నాకే "క" ఒక్కటి, ఆపైన కా, కీ, కూ, తర్వాత మాటలు, చివరికి వాక్యాలు. పదింట ఎనిమిది సార్లు సరిగ్గా వస్తేనే తర్వాతి మెట్టు. నాలుక వెనక భాగం లేవకపోతే తల కాస్త వెనక్కి వంచి పలికిస్తారు. ఇదంతా వదిలి బుడగలు ఊదించడంతోనే గంట గడిపేస్తే నా లెక్కలో అది థెరపీ కాదు. ఊదేటప్పటి కదలికకూ "క"కు కావలసిన కదలికకూ పొంతన లేదు. నాలుగేళ్ల పిల్లాడికి "ర" రాలేదని తొందరపెట్టడమూ అనవసరం.

తండా పిల్లల దగ్గర చాలాచోట్ల పొరపాటు జరుగుతుంది. ఇంట్లో లంబాడీలో గలగలా మాట్లాడే పాప తెలుగు క్లాసులో నోరు విప్పకపోతే అది లోపం కాదు, ఆ పాపకు తెలుగు ఇంకా కొత్త. తల్లిని అడగకుండా థెరపీకి పేరు రాసుకునే కేంద్రాన్ని నమ్మలేను. "ఏడికి" తప్పు, "ఎక్కడికి" అనాలి అని దిద్దడమూ అంతే. అది యాస, జబ్బు కాదు.

క్యాంపుల్లో ఉచితంగా ఇచ్చే వినికిడి యంత్రాలు పనికొస్తాయి, చూసుకునేవాళ్లుంటే. పొద్దున్నే యంత్రం పెట్టి, పిల్ల వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనండి, విన్నప్పుడల్లా చెయ్యెత్తాలి. "స్" ఒక్కటే వినకపోతే ఆడియాలజిస్ట్‌కు (వినికిడి నిపుణులకు) చూపించాలి. కొత్త బ్యాటరీకి స్టిక్కర్ తీశాక ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయాలి. యంత్రం కీచుమంటుంటే చాలాసార్లు కారణం మోల్డ్ (చెవిలో అమరే అచ్చు) వదులవడమే. పిల్ల పెరిగేకొద్దీ మార్చాల్సిందే. ఆ మోల్డ్ చేయించడానికి మళ్లీ ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ సేవలో నాకు పెద్ద లోటుగా కనిపించేది అదే.

ఇంకో కష్టం, పిల్లను కేంద్రానికి తీసుకొచ్చిన పూట తల్లికి కూలి పోతుంది. వలసపోయే ఇళ్లల్లో థెరపీ నెలల తరబడి ఆగుతుంది. అందుకే ఏ శబ్దం, ఏ మెట్టు, ఏ పది మాటలు అన్నది నోట్‌బుక్‌లో రాయించుకోండి. ఎక్కడున్నా రోజుకు పది నిమిషాలు ఇంట్లోవాళ్లే చేయించొచ్చు.

ఉచ్చారణకూ వినికిడి యంత్రంతో మాట నేర్చుకోవడానికీ తప్పకుండా పంపండి. మూడేళ్లొచ్చినా రెండు మాటలు కలపని పిల్లను మాత్రం బడీడు దాకా ఆపకుండా నేరుగా జిల్లా డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే గుర్తించి చూసే కేంద్రానికి) తీసుకుపోండి.