ఓడకు ముందు, ఓడకు తరువాత: చెన్నైలో 24 గంటల గది

చెన్నై రేవులో విహార నౌక ఎక్కబోయేవారు గది వెతికేటప్పుడు అద్దె ఎంత, ఏసీ ఉందా, పొద్దున టిఫిన్ పెడతారా అని చూస్తారు. 2022 నుంచి వీలు చిక్కినప్పుడల్లా ఇదే పని మీద బెంగళూరు నుంచి చెన్నైకి వచ్చిపోతున్న నేను మాత్రం ముందుగా అడిగేది ఒక్కటే: మీ దగ్గర రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే గది ఎంత చవకైనా ఓడ ప్రయాణికుడికి అక్కరకు రాదు. మనం అడుగు పెట్టిన గడియ నుంచి 24 గంటలు మనదే అనే గది రెండు మూడు వందలు ఎక్కువైనా గిట్టుబాటు అవుతుంది. ఎగ్మోర్, పెరియమేడు, ట్రిప్లికేన్ ప్రాంతాల పాత లాడ్జీలలో ఇంకా బతికి ఉన్న ఈ 24 గంటల పద్ధతి గురించే ఈ సమీక్ష. ఓడ గురించి, అందులోని భోజనం గురించి రాసినవారు చాలామందే ఉన్నారు కనుక ఆ జోలికి పోను.

మా సంగతే తీసుకుంటే, బెంగళూరులో రాత్రి పదిన్నర దాటాక బయలుదేరే మెయిల్ తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో చెన్నై సెంట్రల్‌కు చేరుతుంది. ఓడలోకి ఎక్కించుకునేదేమో మధ్యాహ్నం. ఈ మధ్యలో స్నానానికి, కాస్త నడుం వాల్చడానికి, పెద్దవాళ్లు వేళకు తిని మందులు వేసుకోవడానికి తలుపున్న చోటు ఒకటి కావాలి. తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారవుతుంది. ఓడ పొద్దున్నే రేవుకు చేరుతుంది, టిఫిన్లయ్యాక డెక్కుల వారీగా అందరినీ దింపేస్తారు, బెంగళూరు మెయిల్ మాత్రం రాత్రి పదకొండు కావస్తుండగా గానీ కదలదు. మధ్యాహ్నం 12కు రోజు మొదలయ్యే హోటల్లో, పోయేటప్పుడు గది చేతికొచ్చే వేళకు మనం రేవు దారి పట్టి ఉంటాం, వచ్చేటప్పుడు రెండు మూడు గంటలు పెట్టెలతో రిసెప్షన్‌లో కూర్చుంటాం. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు వారికి తిరుగు ప్రయాణంలో ఇంత ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నం రెండు దాటాక సెంట్రల్ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి రైలు కోసం పగలంతా గడపవలసిన మాబోటి వారికే 24 గంటల గది విలువ తెలిసేది.

ఓడల కాలం కూడా ఈ లాడ్జీలకు కలిసివస్తుంది. పడమటి తీరం మీద నైరుతి ఋతుపవనాలు విరుచుకుపడే నెలల్లో ముంబయి, గోవాల మధ్య తిరిగే నౌక ఇటు వైపు వస్తుంది. కార్డీలియా వారి నౌక 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి దిశగా మొదలైనా, 2023 జూన్‌లో శ్రీలంకకు బయలుదేరినా ఈ లెక్కనే. చెన్నైకి పెద్ద వానలు వచ్చేది అక్టోబరు నుంచి గదా. సరిగ్గా ఈ నెలల మధ్యలోనే, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, తమిళులకు ఆడి మాసం. పెళ్లిళ్లు ఉండవు. పెళ్లివారి బృందాలు దిగని లాడ్జిలో గది దొరకడమే కాదు, ఫోనులో కాస్త బేరం కూడా కుదురుతుంది. ఆ తరువాతి ఆవణి మాసం వచ్చిందంటే అదే మేనేజరు గొంతులో ఆ మెత్తదనం మచ్చుకైనా మిగలదు.

ఎక్కడ దిగాలన్న దాని మీద ఎక్కువ చర్చ అక్కరలేదు. యాప్‌లో ‘బీచ్ దగ్గర’ అని వెతికితే నగరం దక్షిణ కొసనున్న తిరువాన్మియూరు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు గదులు వరుస కడతాయి; రేవు ఎదుట ఉన్నదేమో చెన్నై బీచ్ రైల్వే స్టేషను, ఆ వెనక జార్జిటౌన్. విమానంలో వచ్చేవారు మీనంబాక్కంలో బస చేయవలసిన పని కూడా లేదు, మెట్రో నీలి మార్గం విమానాశ్రయం నుంచి నేరుగా హైకోర్టు, మన్నడి స్టేషన్లకు తెచ్చి వదులుతుంది. జార్జిటౌన్ రేవుకు అన్నిటికన్నా దగ్గరే. కానీ పగలంతా సరకు ఆటోలు, తోపుడు బండ్లు కదలనివ్వని ఆ సందుల్లో, పెట్టెలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే, ఆ దగ్గరతనం అక్కడికక్కడే హరించుకుపోతుంది. అందుకే మేము ఎగ్మోర్ స్టేషను ఎదుటి కెన్నెట్ లేన్ చుట్టుపక్కలే దిగుతున్నాము. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దూరం. తెల్లవారుజామున నాలుగున్నరకు మెట్రో ఉండదు కనుక ఆ పూటకు ఆటో తప్పదు.

మేము తరచుగా దిగే లాడ్జి మూడంతస్తుల పాత కట్టడం. కౌంటరు మీద అట్ట మూలలు అరిగిన పొడవాటి రిజిస్టరు ఉంటుంది. పేరు, ఊరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు, వచ్చిన వేళ, సంతకం. ‘ఎక్కడికి’ అన్న గడిలో ఓడ అని రాయగానే పెద్ద మేనేజరు తలెత్తి చూసి, ఏ రోజు తిరిగి వస్తారని తానే అడిగి పక్కన చిన్నగా రాసుకుంటారు. తరువాత గోడ గడియారం వైపు చూసి, రసీదు మీద ఎర్ర సిరాతో సమయం వేసి దాని చుట్టూ సున్నా చుడతారు. ఆ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది, అయినా ఆ లాడ్జిలో చట్టం దానిదే. మరునాడు ఆ వేళకు గంట అటూ ఇటూ అయినా ఎవరూ తలుపు కొట్టిన పాపాన పోలేదు. ఓడలోకి అక్కరలేని సామాను ఒక సంచిలో పెట్టి ఇస్తే మెట్ల కింది గదిలో ఉంచి, తిరిగి వచ్చినప్పుడు అదే ముడితో అప్పగించారు. దానికి డబ్బు అడగలేదు. ఇన్ని సదుపాయాలు అంతకు రెండింతలు అద్దె తీసుకునే చోట కూడా నాకు దొరకలేదు.

ఇంత మెచ్చుకున్న తరువాత ఆ ఒక్క రోజు సంగతి చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. శ్రీలంక నుంచి తిరిగి వచ్చే రోజుకు అదే లాడ్జి, అదే తరగతి గది, ఒక యాప్‌లో మూడు వందలు తక్కువకు కనిపించింది. గది వివరాల్లో 24 గంటల చెక్-ఔట్ అని ఉన్న పంక్తిని నేను చదవడమే కాక ఫోనులో ఫొటో కూడా తీసి ఉంచుకున్నాను. ఓడ దిగి, ఇమిగ్రేషన్ వరుసలు దాటుకుని, మా అత్తగారిని నెమ్మదిగా నడిపించుకుంటూ లాడ్జికి చేరేసరికి పది. కౌంటరులో పెద్ద మేనేజరు లేరు, కొత్తగా చేరిన కుర్రాడున్నాడు. నా ఫోను చూసి, “సార్, ఇది ఆన్‌లైన్ బుకింగ్. పన్నెండుకు ఇన్, రేపు పదకొండుకు ఔట్. ఇరవైనాలుగు గంటలనేది కౌంటర్లో తీసుకున్నవాళ్లకే సార్” అన్నాడు. ఆ ఫొటో చూపించాను. అతడు తన కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. మా పేరు ఎదురుగా పన్నెండు గంటలని ఉంది. “మాకు వచ్చేదే ఇలా వస్తుంది సార్, నేను మార్చలేను. ఇప్పుడే కావాలంటే సగం రోజు అద్దె కట్టాలి” అన్నాడు.

యాప్ వారికి ఫోను చేస్తే, ఏ భాష కావాలో నొక్కమని, తరువాత ఏ సమస్యో నొక్కమని, చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి మాట్లాడిన అమ్మాయి అది లాడ్జి వారి నియమమని తేల్చి చెప్పింది. లాడ్జి కుర్రాడేమో అది యాప్ వారి నియమమంటాడు. అతడి వెనక పలక మీద మా తరగతి గదుల తాళాలు నాలుగు వేలాడుతూనే ఉన్నాయి. ఇంతలో మా ఓడలోనే వచ్చిన నెల్లూరు దంపతులు, బుకింగూ గికింగూ లేకుండా, లోపలికి వచ్చి గది ఉందా అని అడిగారు. రిజిస్టరు తెరిచాడు, ఆధార్ కాపీలు తీసుకున్నాడు, డబ్బు లెక్కపెట్టుకున్నాడు, పదీ ఇరవై అని ఎర్ర సిరాతో రాసి సున్నా చుట్టాడు. వాళ్లు తాళం తీసుకుని మా పక్క నుంచే మెట్లెక్కారు. మా అత్తగారు అదంతా చూసి, “ఏం బాబూ, మన వెనక వచ్చినవాళ్లు పైకి పోయారే?” అని అడిగారు. ముందుగా డబ్బు కట్టినవాళ్లు కింద, అప్పుడు కట్టినవాళ్లు పైన ఎందుకున్నారో ఆవిడకు వివరించడం నా వల్ల కాలేదు.

పదకొండు దాటాక పెద్ద మేనేజరు వచ్చారు. సంగతి విని, కుర్రాడిని ఏమీ అనకుండా, కింది అంతస్తులో అప్పుడే తుడిచిన ఒక గది తెరిపించి, “అమ్మగారు ముందు స్నానం చేసి పడుకోనివ్వండి సార్, ఆ పన్నెండు సంగతి తరువాత చూద్దాం” అన్నారు. అదనంగా ఒక్క రూపాయి తీసుకోలేదు. యాప్‌లో వచ్చే గదుల సమయాలు తమ చేతిలో ఉండవని, ఆ మూడు వందల తగ్గింపు కూడా తమ వాటాలోంచే కోస్తారని ఆయన చెప్పారు. యాప్ వారికి నేను పంపిన ఫిర్యాదుకు బదులుగా కొన్ని పాయింట్లు వచ్చాయి, వాటికి గడువు ఒక నెల. నెలలోపల మళ్లీ ఓడ ఎక్కేవారెవరో వాళ్లకే తెలియాలి.

అప్పటి నుంచి నేరుగా లాడ్జికే ఫోను చేస్తున్నాను. ఏ రైలుకు వస్తామో, ఏ వేళకు దిగుతామో చెప్పి, యూపీఐలో కొంత అడ్వాన్సు పంపి, వచ్చిన వేళ నుంచి 24 గంటలు అని వాట్సాప్‌లో రాసి పంపమంటున్నాను. అద్దె రెండు వేలు దాటని గదులే చూస్తాము. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు ఉన్న గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగినందువల్ల యాప్‌లో పోయే తగ్గింపులో కొంత ఇక్కడ తిరిగి వస్తోంది. బిల్లులో పాత శాతమే వేసి ఉంటే అడిగి మార్పించుకోవచ్చు. మాకు ఒకచోట అలా మార్చి ఇచ్చారు.

ఇక మొదట్లో రెండు వైపులా ఇది గిట్టుబాటు అన్నట్లు రాశాను గానీ, పోయేటప్పటి సంగతి వేరు. ఒక్కొక్కరి రోజు ఒక్కొక్క వేళకు ముగిసే చోట, తెల్లవారుజామున ఐదుకు ఏ గది ఖాళీ అవుతుందో లాడ్జి వారికే తెలియదు. రాత్రి పదికి దిగినవాడు మరునాడు రాత్రి పది వరకు కదలకపోవచ్చు, కదలమనే హక్కూ వారికి లేదు. ఆడి మాసంలో సర్దుబాటు అవుతుంది గానీ, తక్కిన రోజుల్లో ఐదు గంటల గదికి వారు మాట ఇవ్వరు. తప్పనిసరిగా కావాలంటే ముందు రాత్రి నుంచే అద్దె కట్టి ఉంచమంటారు, అప్పుడు 24 గంటలన్న ముచ్చట మనం రైల్లో ఉండగానే సగం కరిగిపోతుంది. పైగా మధ్యాహ్నానికే రేవుకు పోయే మనం ఆ రోజులో మూడో వంతుకు మించి వాడుకోము. వచ్చేటప్పుడు ఈ బాధ లేదు. పది గంటల వేళకు రాత్రి రైళ్లకు దిగినవాళ్లూ, పొద్దున పనులున్నవాళ్లూ చాలామంది ఖాళీ చేసి ఉంటారు.

వేడినీళ్ల సంగతి సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఐదుకు వచ్చినవాడికి కాసేపట్లో అందుతాయి, ఓడ దిగి పదికి వచ్చినవాడికి బకెట్టు పంపమని అడగవలసిందే. లిఫ్టు ఉంది గానీ పెద్ద పెట్టె పెడితే ఇద్దరికి మించి పట్టరు. కిటికీ తెరిస్తే స్టేషను ప్రకటనలు మూడు భాషల్లోనూ వినిపిస్తాయి. ఓడలోని పరుపుల మీద నుంచి లేచి వచ్చినవారికి ఇక్కడి దుప్పట్లు కాస్త మోటుగా తోచవచ్చు. మెట్ల కింద పెట్టే సామానుకు రసీదు ఇవ్వరు కనుక విలువైనదేదీ అందులో పెట్టము.

ఇద్దరే ప్రయాణిస్తూ, రైలు టికెట్టు ఖాయమై ఉన్నవారు సెంట్రల్‌లోని రిటైరింగ్ రూములు ముందుగా చూసుకోవడం మంచిది. పీఎన్ఆర్ మీద 12 గంటల వ్యవధికి కూడా ఇస్తారు, ప్లాట్‌ఫారం పక్కనే రైలు. దొరకడమే కష్టం. మరునాడు విమానమున్న వారికి 24 గంటల గదితో ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు, రాత్రి పడుకుని పొద్దున వెళ్లేవారికి మధ్యాహ్నం 12కు రోజు మొదలయ్యే హోటలైనా ఒకటే. రోజంతా చేతిలో ఉండి, రాత్రి రైలు పట్టుకోవలసిన కుటుంబాలకు మాత్రం, ఓడ దిగిన రోజుకు, యాప్ జోలికి పోకుండా ఫోనులో మాట్లాడుకుని, ఇటువంటి లాడ్జిలో దిగమని నేను చెప్పగలను. మా అత్తగారి మోకాళ్లు ఇప్పుడు మునుపటంత సహకరించడం లేదు. వచ్చే సారి పోయేటప్పుడు సెంట్రల్ దగ్గర పెద్ద లిఫ్టు ఉన్న మామూలు హోటల్లో ముందు రాత్రి నుంచే గది తీసుకుని ఆ అద్దె భరించాలని, తిరిగి వచ్చిన రోజుకు మాత్రం కింది అంతస్తు గది కోసం కెన్నెట్ లేన్ మేనేజరుకు ముందుగా ఫోను చేయాలని ఇంట్లో అనుకుంటున్నాము.