మెచ్చలేము, విడువలేము: ‘గాన్ విత్ ద విండ్’లో స్కార్లెట్

‘గాన్ విత్ ద విండ్’ మొదటి వాక్యంలోనే మార్గరెట్ మిచెల్ తన నాయిక అందగత్తె కాదని చెప్పేస్తుంది. ఆమె ఆకర్షణలో చిక్కుకున్న మగవాళ్లకు ఆ సంగతి తోచదని కూడా అక్కడే అంటుంది. 1936లో వెలువడి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన ఈ వెయ్యి పేజీల నవలను కాలేజీ రోజుల నుంచి మళ్లీ మళ్లీ చదువుతున్నాను. స్కార్లెట్ ఓహారా నాకు ఏనాడూ నచ్చలేదు. అయినా ఆమె లేని పేజీలను గబగబా తిప్పేసి, ఆమె వచ్చిన చోట కుదురుగా కూర్చుంటాను.

నచ్చకపోవడానికి కారణాలు వెతకనక్కరలేదు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక పుట్టిల్లయిన టారా ఎస్టేటు పన్నుకు 300 డాలర్లు కావలసి వచ్చినప్పుడు, చెల్లెలిని పెళ్లాడవలసిన ఫ్రాంక్ కెనెడీకి ఆ పిల్ల వేరొకరిని చేసుకోబోతోందని బొంకి, అతన్ని తానే కట్టుకుంటుంది. తరువాత రంపపు మిల్లు నడుపుతూ, కూలి చౌకగా వస్తుందని ఖైదీలను పనిలో పెట్టుకుంటుంది. వాళ్ల తిండిని మేస్త్రీ అమ్ముకుంటున్నాడని తెలిసినా అతన్ని తీసెయ్యదు. ఇవన్నీ ఒక ఎత్తు, కొడుకు వేడ్ సంగతి ఒక ఎత్తు. 1864లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం అట్లాంటా మీదికి వచ్చినప్పుడు, ఫిరంగుల మోతకు జడిసి తన గౌను పట్టుకుని వేళ్లాడే ఆ పసివాడిని ఆమె విసుక్కునే తీరు చదివినప్పుడల్లా పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది. 1939 నాటి సినిమాలో వేడ్ అసలు లేడు. ఆ సినిమా చూసినవాళ్లకు స్కార్లెట్ మీద అంత అభిమానం కలగడానికి ఈ కోత కొంత సాయపడిందని నా అనుమానం.

అయినా ఆమెను వదల్లేకపోవడానికి కారణం, చుట్టూ ఉన్నవాళ్లంతా పోయిన వైభవాన్ని తలుచుకుంటూ కూర్చున్నప్పుడు ఆమె ఒక్కతే రేపటి పూట ఎలా గడుస్తుందో చూడటం. పన్ను డబ్బు కోసం తల్లి నాటి ఆకుపచ్చ వెల్వెట్ కర్టెన్లను దింపి, గౌను కుట్టించుకుని, అట్లాంటాలో ఖైదులో ఉన్న, తన మీద మోజుపడ్డ ధనవంతుడు రెట్ బట్లర్ దగ్గరికి ఏ లోటూ లేనిదానిలా వెళ్లే ఘట్టాన్ని నేను తరచుగా తిరగేస్తుంటాను. మాట, చూపు, కంటి తడి అన్నీ ఆమె అనుకున్నట్టే పండుతాయి, రెట్ కూడా కరుగుతాడు. ముద్దు పెట్టుకోబోయి ఆమె అరచేతిని వెలుతురులోకి తిప్పి చూస్తాడు. చేను పనికి కాయలు కాచి మోటుబారిన చెయ్యి! అంతటితో నాటకం అయిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఇంత తిండి పెట్టిన ఆ చేతులను చూసి మనకు గౌరవం కలుగుతుంటే, ఆమె మాత్రం తన గుట్టు బయటపెట్టినందుకు వాటిని చూసి సిగ్గుపడుతుంది. కాసేపు కుంగిపోతుందేమో అనుకునేలోగా, వానలో తడుస్తూ వెళ్తున్న ఆమెకు ఫ్రాంక్ బగ్గీ ఎదురవుతుంది.

మెలనీతో ఆమె సంబంధం ఇంతకంటే చిక్కనైనది. ప్రేమించిన యాష్లీకి భార్య అయినందుకు ఆమెను ద్వేషిస్తూనే, అతనికిచ్చిన మాట కోసం ఆమెకు పురుడు పోస్తుంది. దోచుకోవడానికి వచ్చిన సైనికుణ్ణి స్కార్లెట్ కాల్చి చంపినప్పుడు, లేవలేని స్థితిలో ఉన్న మెలనీ కత్తి ఈడ్చుకుంటూ మెట్ల మీదికి వస్తుంది. శవాన్ని చూసి ఆమె బెదరదు, చేసిన పనిని మెచ్చుకున్నట్టే చూస్తుంది.

నవలలో నేను క్షమించలేనిది స్కార్లెట్‌ను కాదు, రచయిత్రిని. బానిసలను యజమానుల నీడలో సుఖంగా బతికిన అమాయకులుగా, నల్లవాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠాను ఆత్మరక్షణకు పుట్టిన దండుగా చిత్రించిన పేజీలు చదివిన ప్రతిసారీ మరింత వెగటు పుట్టిస్తున్నాయి. స్కార్లెట్ దోషాలు మిచెల్ ఎరిగి రాసినవి కాబట్టి వాటిని ఆస్వాదించగలుగుతాం. ఈ దోషం ఆమె కంటికి ఆననే లేదు.

కొత్తగా చదివేవారు మొదటి భాగంలోని విందులు, ముస్తాబులు చూసి నీరసపడవద్దు. పట్టు మూడో భాగం నుంచి బిగుస్తుంది. 1991లో అలెగ్జాండ్రా రిప్లీ ‘స్కార్లెట్’ పేరుతో దీనికి కొనసాగింపు రాశారు. అందులో ఈమెకు బుద్ధి చెప్పి, మంచిదాన్ని చేసే ప్రయత్నం మొదలయ్యేసరికి నాకు ఆసక్తి పోయింది. ఆ పుస్తకాన్ని సగంలోనే వదిలేశాను.