జాగ్రత్త: "ఒక్కరోజూ మానకూడదు" అనే జిమ్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు చదవండి

వైజాగ్‌లో వంద రోజుల ఛాలెంజ్ అమ్ముతున్న ఓ జిమ్, డబ్బు కట్టించుకున్నాక బయటపెడుతున్న షరతులివి. ఒక్కరోజు రాకపోయినా డిపాజిట్ పోయినట్టే. జ్వరమొచ్చినా ఫ్రీజ్ (ప్యాకేజీని కొన్నాళ్లు ఆపి ఉంచడం) లేదు. తెల్లారి ఆరింటికల్లా వాట్సాప్ గ్రూపులో సెల్ఫీ పడాలి, పడనివాళ్ల పేర్లు సాయంత్రం ఎర్ర గుర్తుతో అందరికీ కనబడతాయి. డిపాజిట్ పోతే పోయింది. ఈ పద్ధతి మంచి అలవాటును వ్యసనం చేస్తుంది, అసలు భయం అది.

కండ బలపడేది బరువులెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాతి విశ్రాంతిలో. బాగా అలిసిన కండకు మళ్లీ అదే పని చెప్పాలంటే ఒకటి రెండు రోజులు ఎడం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు పని. బీచ్ రోడ్డులో రోజూ అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిచినా 150 నిండుతాయి.

ఎన్ని గంటలు చేస్తున్నారన్నది ఒక్కటే చూస్తే అలవాటుకీ వ్యసనానికీ తేడా తెలియదు. మానితే ఏమవుతుందో చూడండి. వరసగా రెండు రోజులు కావాలనే ఆపండి. కాస్త వెలితిగా ఉంటే ఫర్వాలేదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, "తిన్నది కరిగించాలి" అన్న కంగారు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా గదిలో స్క్వాట్లు మొదలైతే అలవాటు చెయ్యి దాటింది. పెళ్లి భోజనానికి వెళ్లాలంటే ముందు ట్రెడ్‌మిల్ లెక్క వేసుకోవడమూ ఇందులోదే.

కాలి నొప్పితో పరుగెత్తుతున్నవాళ్లు ఇది చేసి చూడండి. మోకాలి కింద ముందువైపు ఎముకను బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే చాలావరకు ఎముక పక్కనున్న కండర పొరల మీద పడిన ఒత్తిడి. రూపాయి బిళ్లంత చోటే చురుక్కుమంటే ఎముకలో సన్నటి చీలిక ఉందేమోనని అనుమానించాలి. మొదటి వారాల్లో అది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, అందుకే "ఎక్స్‌రే బాగానే ఉంది కదా, వచ్చేయండి" అనే ట్రైనర్ మాట నమ్మొద్దు. ఎముకల డాక్టరుకు చూపించేదాకా పరుగు ఆపండి.

తిండి బాగా తగ్గించి రెండు పూటలా వర్కవుట్ చేయించే ప్యాకేజీల్లో ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు. ఒంట్లో శక్తి చాలక శరీరం ముందుగా ఆపేవాటిలో అదొకటి. ఎముకలూ గుల్లబారడం మొదలుకావచ్చు. మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్టును కలవండి. కఠినమైన వర్కవుట్ తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చితికిన కండరం నుంచి రక్తంలో కలిసే పదార్థం కిడ్నీలను దెబ్బతీయొచ్చు.

డబ్బు కట్టేముందు వారానికి ఎన్ని విశ్రాంతి రోజులో, జబ్బు చేస్తే ఎన్నాళ్లు ఫ్రీజో, మధ్యలో మానితే ఎంత తిరిగొస్తుందో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే కట్టకండి. ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, గ్రూపు స్క్రీన్‌షాట్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మానాలనుకున్నా మానలేకపోతున్నవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.