మిర్చి లెక్కలు క్లౌడ్‌లో: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

విజయవాడలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఇస్తాం. అదంతా ఏళ్లుగా అమెజాన్ వెబ్ సర్వీసెస్ మీదే, అంటే ఇంటర్నెట్ ద్వారా అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్ల (క్లౌడ్) మీదే నడుస్తోంది. అంతకుముందు వాడిన మరో సంస్థ పేరు చెప్పను. సరిగ్గా సీజన్లో సర్వర్ ఆగితే అక్కడ ఫోనెత్తే నాథుడు ఉండేవాడు కాదు.

యార్డులో కాటాలు మొదలయ్యాయంటే వ్యాపారులందరూ ఒక్కసారే తక్‌పట్టీలు (అమ్మకం లెక్క రాసి రైతుకిచ్చే చీటీలు) తీస్తారు. వేసవి సెలవులిచ్చాక మా సర్వర్ ముఖం చూసేవారే ఉండరు. సొంత యంత్రం కొంటే ఆ కొద్ది నెలల రద్దీకి సరిపడేది కొనాలి. మిగతా ఏడాదంతా అది ఊరికే కరెంటు తాగుతుంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచుకునే రైతు సొంతంగా గిడ్డంగి కట్టుకోడు కదా, ఇదీ అంతే. మేం సీజన్లో పెద్ద యంత్రం తీసుకుంటాం, సెలవుల్లో చిన్నదానికి మారతాం. 2017 నుంచి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే యంత్రాలకు సెకన్ల లెక్కన బిల్లు వేస్తున్నారు. మేం వదిలేసిన యంత్రాన్ని అదే వారం పరీక్షా ఫలితాలు పెట్టే వెబ్‌సైటు ఏదో అద్దెకు తీసుకుంటుంది. ఒకరి ఖాళీ రోజులను మరొకరి రద్దీ రోజులకు అమ్ముకోగలగడంలోనే ఈ వ్యాపారం లాభమంతా ఉందని నా అభిప్రాయం.

ఇక నమ్మకం సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా కార్యాలయంలో కంప్యూటర్లన్నీ నీళ్లలో నానాయి. వ్యాపారుల లెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. అసలు సంగతి వాళ్లకు టీవీలో చూసేదాకా తెలియనే లేదు.

అంతకంటే నాకు నచ్చింది మరొకటుంది. ఒక గుమాస్తా పొరపాటున ఒక రోజు పట్టీలన్నీ చెరిపేశాడు. లెక్కలు దాచే డేటాబేస్‌ను అమెజాన్ సదుపాయంతో ఆ చెరిపివేతకు కాస్త ముందటి క్షణానికి వెనక్కి తీసుకెళ్లాం. అది పాతదాని మీద పడకుండా వేరే డేటాబేస్‌గా తెరుచుకుంటుంది. అందులోంచి ఆ ఒక్క వ్యాపారి పట్టీలు తెచ్చి కలిపాం, మిగతావారి పని ఆగలేదు. చూడడానికి ఏ ఆర్భాటమూ లేని ఇలాంటి సదుపాయాలే వాడేవాళ్లను నిలబెడతాయి.

అమెజాన్ సర్వర్లుండే ముంబై కేంద్రం 2016లో వచ్చింది, హైదరాబాద్‌ది 2022లో. మేం హైదరాబాద్‌కు మారాం. దగ్గరైంది కదా, వేగం పెరిగిందా అంటారు. మా వ్యాపారుల తక్‌పట్టీ ప్రింటరు దానికంటే నిదానం, తేడా ఎవరికీ తెలియలేదు.

ఈ రంగం మొత్తంలో నాకు నచ్చనిది ఒకటుంది: డేటా లోపలికి తేవడం ఉచితం, కొంత పరిమితి దాటి బయటికి తీస్తే గిగాబైటుకు ఇంతని లెక్క. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మూడింటిదీ ఇదే పద్ధతి. పూర్తిగా వదిలి వెళ్లేవారికి ఆ రుసుమును 2024లో మూడూ ఎత్తేశాయి. అయితే అసలు ముడి రుసుములో లేదు, ఆయా సంస్థల దగ్గర మాత్రమే దొరికే ప్రత్యేక సేవల్లో ఉంది. వాటికి అలవాటు పడితే ప్రోగ్రాములే తిరగరాసుకోవాలి. అందుకే మేం ఎక్కడైనా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దాటి పోలేదు.

సీజన్ వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ చేసేవారు అమెజాన్ సేవను నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఏడాది పొడవునా ఒకే తీరు పని ఉన్నవారు మాత్రం ఒకటి, మూడేళ్ల ఒప్పందంపై వచ్చే తగ్గింపునూ, సొంత సర్వర్ ఖర్చునూ పక్కపక్కన వేసి చూసుకోవాలి. వారికి సొంతదే చవక పడినా ఆశ్చర్యం లేదు.