వంటింటి గోడకి టైల్స్ కొన్న షాపు: సరుకుకి మంచి మార్కులు, డెలివరీకి మొట్టికాయ

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్ వయసు 20 ఏళ్లు. వంటగట్టు వెనక గోడకి బిల్డరు అప్పట్లో వేయించిన 8×12 అంగుళాల టైల్స్, నాలుగైదింటికి ఒకటి చొప్పున ద్రాక్షగుత్తి బొమ్మ. స్టవ్ వెనకున్న గుత్తి ఎప్పుడో ఎండుద్రాక్ష అయిపోయింది. రోజూ పోపు చిటపటలు, వారానికి రెండుసార్లు వంజరం వేపుడు ఉన్న ఇంట్లో ఏ గోడ మాత్రం ఆగుతుంది? ఈసారి మార్చేద్దామని నేనూ మా ఆయనా మూడు షాపులు తిరిగి, చివరికి గాజువాక వైపు హైవే పక్కనున్న ఒక షాపులో కొన్నాం. పేరు రాయడం లేదు, గొడవపడ్డ సంగతి కూడా చెప్పబోతున్నాను, రేపు బాత్రూం టైల్స్‌కి మళ్లీ ఆ మొహాలే చూడాలి. 5కి 3.5 ఇస్తాను.

ఆ మూడున్నరలో మూడు మార్కులు కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దాయనవే. ముందు తగిలిన సేల్స్ అబ్బాయి మమ్మల్ని నేరుగా 2×4 అడుగుల విట్రిఫైడ్ పలకల (గాజులా గట్టిపడేలా కాల్చినవి, నేలకి వేసే రకం) దగ్గరికి తీసుకెళ్లి, "ఇది వేయించుకోండి మేడమ్, రిచ్‌గా ఉంటుంది, నీళ్లు అస్సలు పీల్చదు" అన్నాడు. అతను చెప్పింది అబద్ధమేం కాదు, విట్రిఫైడ్ టైల్ నీరు పీల్చుకునేది 0.5 శాతం లోపే, గోడలకి వేసే మామూలు సెరామిక్ అయితే 10 శాతం పైనే పీలుస్తుంది. వినగానే సెరామిక్ అంటే భయం వేస్తుంది కదా, నాకూ వేసింది. అప్పుడు పెద్దాయన లేచి వచ్చి ఒక సెరామిక్ టైల్‌ని బోర్లా తిప్పి, ఇటుక రంగులో ఉన్న వెనక వైపు చూపించి, "పీల్చేది ఇటు వైపమ్మా, ముందున్న నున్నటి పూత, గ్లేజు, అది పీల్చదు, వెనక పీలిస్తేనే సిమెంటు పట్టేది" అన్నారు. మేస్త్రీలు గోడ టైల్స్‌ని వేసే ముందు టబ్బులో నానబెట్టేది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది: పొడిగా ఉంటే సిమెంటులో తడంతా అదే లాగేసుకుంటుంది. విట్రిఫైడ్‌కి ఆ పట్టు ఉండదు, గోడకి నిలవాలంటే అడ్హెసివ్, అంటే టైల్ జిగురు, తప్పనిసరి. అయినా నేలకి కావాల్సినంత బలం గోడకెందుకు, గోడ మీద బల్లి తప్ప ఎవరూ నడవరు కదా.

ఆయన ఇంకో మూడు ప్రశ్నలు అడిగారు. స్టవ్ ఏ మూల ఉంది, గట్టు రాయి ఏ రంగు, కిటికీ ఎటుంది. మా గట్టు బ్లాక్ గెలాక్సీ, చీమకుర్తి రాయి. దాని మీద ముదురు రంగు టైల్ వేస్తే వంటిల్లు గుహలా ఉంటుందని, లేత రంగువే మూడు రకాలు తీసి, "ఇక్కడ లైట్లలో చూసి కొనకండి, ఇంటికి తీసుకెళ్లి గోడకి ఆనించి రాత్రి ట్యూబ్‌లైట్లో కూడా చూసుకోండి" అని 300 డిపాజిట్ తీసుకుని మూడు టైల్స్ ఇచ్చి పంపారు. మిగతా రెండు షాపుల్లో ఈ మాట అన్నవాళ్లు లేరు. ప్రతి బోర్డు మీదా ఒక ఫోకస్ లైటు వేలాడే షోరూములో ఏ టైల్ అయినా పెళ్లిచూపుల పిల్లలాగే కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక నేను చేసిన పని చూసి మా ఆయన నవ్వారు గానీ, ఇదొక్కటి మాత్రం అందరూ చేయండి. గిన్నెలో పసుపు, నూనె, కాస్త చింతపండు పులుసు కలిపి మూడు టైల్స్ మీదా రాసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే నున్నగా మెరిసే గ్లాసీ ఐవరీ టైల్ అద్దంలా వచ్చేసింది. సన్నటి గీతలున్న, మెరుపు లేని మ్యాట్ టైల్‌కి సబ్బు పెట్టి రుద్దాల్సి వచ్చింది, చెయ్యి పెడితే ఇంకా జిడ్డుగానే ఉంది. నేను అసలు మనసు పడ్డది మూడోది, నీలం రంగు మొరాకో ముగ్గుల టైల్, గరుకు ఫినిష్. దాని తెల్లటి భాగంలో చిన్న చిన్న గుంటల్లో పసుపు అలాగే ఉండిపోయింది. పసుపు మరకకి ఎండ తగిలితే వెలిసిపోతుంది నిజమే, దుప్పటి అయితే మేడ మీద ఆరేస్తాం, గోడని ఎక్కడ ఆరేస్తాం? మ్యాట్ ఫోటోల్లో అందంగా ఉంటుంది, కాదనను. స్టవ్‌కి దూరంగా సింకు వైపో డైనింగ్ వైపో వేసుకోవచ్చు. పోపు చిందే చోట మాత్రం నా ఓటు గ్లాసీకే.

మా అమ్మాయిది ఇంకో పేచీ. ఫోన్లో చూపించింది, తెల్లటి చిన్న ఇటుకల్లాంటి సబ్‌వే టైల్స్, 3×6 అంగుళాలవి. 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్ల గోడలకి వేసినవట, అందుకే ఆ పేరు. బాగున్నాయి. కానీ నేను కాగితం తీసి లెక్క వేశాను. ఆ సైజులో ఒక చదరపు అడుగుకి 8 టైల్స్, వాటి మధ్య జాయింటు గీతలన్నీ కలిపితే 6 అడుగుల పొడవు. అదే 12×24 అయితే చదరపు అడుగుకి అడుగున్నర గీత. మా గోడ 32 చదరపు అడుగులు, అంటే 192 అడుగుల గీతా 48 అడుగుల గీతా అన్నమాట. "ఆ 192 అడుగులూ ప్రతి ఆదివారం నువ్వు బ్రష్షుతో తోముతానంటే ఇప్పుడే కొనేస్తా" అన్నాను. ఫోను పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అత్తయ్యకి మాత్రం మధ్యమధ్యలో కాఫీ కప్పుల బొమ్మలున్న హైలైటర్ టైల్స్ కావాలి. "ఏంటమ్మాయ్, ఉత్త తెల్లగా ఆసుపత్రి గోడలా ఉంటే వంట చేయబుద్ధేస్తుందా?" అన్నారు. ఈ విషయంలో ఆవిడతో ఇప్పటికీ రాజీ కుదరలేదు.

సరే, ఐవరీ గ్లాసీ, 12×24 ఖాయం చేశాం. బాక్సులో 5 టైల్స్, సుమారు 9.7 చదరపు అడుగులు, బాక్సు 600 పడింది. 32 అడుగుల గోడకి పది శాతం అదనం కలిపి నాలుగు బాక్సులు, 2,400. ఇక్కడ ఒక కిటుకు చెబుతాను, షాపువాళ్లు చెప్పరు. 12×24 అని పిలుస్తారు గానీ అది నిజానికి 300×600 మిల్లీమీటర్లు. గట్టుకీ పైన కప్‌బోర్డులకీ మధ్య మాకు సరిగ్గా 2 అడుగులు, అంటే 610 మిల్లీమీటర్లు. రెండు వరసలు అడ్డంగా పేరిస్తే పైన ముప్పావు సెంటీమీటరు సందు మిగిలింది. అంత సన్నటి ముక్క కోయడం కుదరదు. మేస్త్రి టైల్స్‌ని పైనుంచి కిందికి దించుకుంటూ వచ్చి, ఆ సందుని గట్టు దగ్గరికి తెచ్చి సిలికాన్ నింపాడు. గట్టుకీ గోడకీ మధ్య నీళ్లు దిగేది ఎలాగూ అక్కడే కాబట్టి మంచి పనే అయింది. మీరు కొనే ముందు టేపు మిల్లీమీటర్ల వైపు తిప్పి కొలవండి.

ఇక పోయిన ఒకటిన్నర మార్కుల కథ. మంగళవారం తెస్తామన్న టైల్స్ గురువారం సాయంత్రం వచ్చాయి, రెండు రోజులు మేస్త్రి కూలీ ఊరికే పోయింది. పాత టైల్స్ అప్పటికే కొట్టేసి ఉన్నాం, ఇల్లంతా దుమ్ము, హాల్లో ఇండక్షన్ స్టవ్ మీద వంట. వచ్చిన నాలుగు బాక్సుల్లోంచి మేస్త్రి ఒక్కో టైల్ తీసి బాల్కనీలో వరసగా పేర్చాడు. నాకేం తేడా తెలియలేదు. "అమ్మా, ఇదొక్కటి చూడండి, కాస్త పచ్చగా నేదా?" అన్నాడు. పగటి వెలుతురులో తేరిపార చూస్తే నిజమే, నాలుగోది మీగడ రంగులో ఉంది. బాక్సు పక్కన ముద్రించిన షేడ్ నంబరు చూస్తే మూడింటికి ఒకటి, దీనికి వేరొకటి. ఒకే డిజైన్ అయినా ఒక్కో విడత కాల్చినప్పుడు రంగు కొద్దిగా మారుతుందట, అందుకే ఆ నంబరు వేస్తారు. చూసి పంపాల్సిన పని షాపుది. ఫోన్ చేస్తే గోడౌన్‌లో కుర్రాడి పొరపాటన్నారు, మార్చడానికి ఇంకో మూడు రోజులు, పైగా ఆటో కిరాయి 350 మేమే పెట్టుకోవాలన్నారు. పెద్దాయన ఆ రోజు షాపులో లేరు. మా ఆయన వెళ్లి గట్టిగా అడిగితే సగం తగ్గించారు. డబ్బు సంగతి వదిలేయండి, తప్పు వాళ్లదై ఉండి మమ్మల్ని బేరమాడించడం నచ్చలేదు.

టైల్స్ మధ్య గీతల్లో నింపే గ్రౌటు విషయంలోనూ వాళ్ల సేల్స్ అబ్బాయి సిమెంటుది చాలన్నాడు, మేస్త్రి అయితే తెల్ల సిమెంటే పూసేస్తానన్నాడు. నేను వినలేదు, స్టవ్ గోడ వరకైనా ఎపాక్సీ (సిమెంటు బదులు రెజిన్‌తో చేసే గ్రౌటు) అని పట్టుబట్టాను. సిమెంటు గ్రౌటు నూనె తాగుతుంది, నల్లబడితే మనవాళ్లు యాసిడ్ పోస్తారు, యాసిడ్ దాన్ని తినేస్తుంది. ఎపాక్సీ ఖరీదెక్కువ, త్వరగా బిగుసుకుంటుంది, వెంటవెంటనే తుడవకపోతే టైల్ మీద మరకలా మిగులుతుంది. మేస్త్రి సణుగుతూనే చేశాడు. మూల అంచుకి షాపు వాళ్లు మెరిసే స్టీలు పట్టీ అంటగట్టబోయారు, మా బాల్కనీ గ్రిల్ బోల్టులు ఉప్పుగాలికి ఎలా ఉన్నాయో చూశాక ప్లాస్టిక్‌దే తీసుకున్నాను.

పని అయ్యి రెండు నెలలైంది. రాత్రి వంటయ్యాక ఒక తడిగుడ్డ, అంతే. నాణెంతో కొట్టి చూశాను, ఎక్కడా డొల్ల శబ్దం లేదు. స్విచ్‌బోర్డుకి కంత కోస్తుంటే ఒక టైల్ విరిగింది, రెండు మిగిలాయి. షేడ్ నంబరున్న అట్టముక్క చింపి వాటికి కట్టి అటక మీద పెట్టాను. మిగిలిన రెంటిలో ఒకటి అత్తయ్య కిందికి దింపించుకున్నారు, వేడి గిన్నె పెట్టుకోవడానికట.