32 కార్డుల కుందేళ్ళ పెట్టె: బొమ్మలకు మెప్పు, పటాలకు మొట్టికాయ

ప్రపంచంలోని కుందేటి జాతులను ఒక్కో కార్డుకు ఒక్కటి చొప్పున చూపే ఈ పెట్టె నా బల్ల మీదికి వచ్చి రెండు నెలలయింది. ఇందులో 32 జాతి కార్డులు, వాటికి ముందు నాలుగు పరిచయ కార్డులు ఉన్నాయి. ముందువైపు చేతితో గీసిన రంగుల బొమ్మ, వెనుకవైపు ఆ జాతి నివసించే ప్రాంతపు పటం, దాని కింద ఎనిమిది పది వాక్యాల వివరణ ఇచ్చారు. అట్ట దళసరిగా ఉంది, పైపూతకు మెరుపు లేదు కనుక దీపం కింద కూడా రంగులు సరిగ్గా కనిపిస్తాయి. పిల్లల చేతుల్లో ఎన్నిసార్లు తిరిగినా అంచులు చిట్లలేదు. వస్తువుగా దీనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నా ఫిర్యాదులన్నీ లోపలి విషయం గురించే.

ముందుగా పేర్ల సంగతి. తెలుగులో 'కుందేలు' అన్న ఒక్క మాటనే రెండు రకాల జంతువులకు వాడేస్తాం. తయారీదారులు లెపస్ ప్రజాతికి చెందినవాటికి (ఇంగ్లీషులో హేర్) 'కుందేలు' అన్న పేరు ఉంచి, మనం ఇళ్ళలో పెంచుకునే రకానికీ దాని బంధువులకూ (ఇంగ్లీషులో రాబిట్) 'బొరియ కుందేలు' అని పేరు పెట్టారు. నాకు ఈ ఏర్పాటు నచ్చింది. అమెరికా ఖండాల్లోని కాటన్‌టెయిల్ వంటివి ఆ రెండో గుంపులోనే ఉన్నప్పటికీ చాలావరకు సొంతంగా బొరియలు తవ్వవు కాబట్టి పేరు అక్కడ కొంచెం కుంటుతుంది గాని, ఏ పేరూ పెట్టకుండా రెంటినీ కలిపేయడం కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగు. పేరును చూసి మోసపోయే సందర్భాలను కూడా రెండో పరిచయ కార్డు చక్కగా విప్పి చెప్పింది: జాక్‌రాబిట్ పేరుకు రాబిట్ అయినా అసలైన కుందేలే, బెల్జియన్ హేర్ అన్నది ఒక పెంపుడు రకం బొరియ కుందేలు, హిమాలయాల పాదాల దగ్గరి ఎత్తైన గడ్డిలో బతికే హిస్పిడ్ హేర్ కూడా లెపస్ కాదు.

ఇంత జాగ్రత్త పడినవారు మూడో పరిచయ కార్డులో పెద్ద పొరపాటు చేశారు. 'కుందేటి పిల్లలు' అన్న శీర్షిక కింద, బొరియ అడుగున బొచ్చుతో పేర్చిన గూటిలో ఒళ్ళంతా ఎర్రగా, వెంట్రుకలు లేకుండా, కళ్ళు మూసుకుని ఒకదాని మీద ఒకటి పడుకున్న పిల్లలను గీశారు. అవి బొరియ కుందేటి పిల్లలు. లెపస్ పిల్లలు పుట్టేసరికే ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో ఉంటాయి. వాటికి బొరియ ఉండదు, నేల మీద గడ్డిలో లోతు లేని గుంట ఒక్కటే దక్కుతుంది. ఐరోపా గోధుమరంగు కుందేలయితే పుట్టిన కొద్ది రోజులకే పిల్లలు తలా ఒక చోటికి చెదిరి కదలకుండా నక్కి ఉంటాయి, సూర్యాస్తమయం తర్వాత ఒకచోట చేరతాయి, తల్లి రోజుకు ఒక్కసారి వచ్చి కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. రెండు జంతువులకూ ఉన్న అసలు తేడా ఇదే. తేడా చెప్పడానికి పెట్టిన కార్డులోనే అది తారుమారు కావడం క్షమించరానిది.

జాతి కార్డుల బొమ్మల దగ్గరికి వస్తే మాత్రం చిత్రకారుడికి చేతులెత్తి మొక్కాలి. ఆరేడు కార్డులు తీసి వరసగా పరిచి, చెవులను మాత్రమే చూస్తూ వెళ్ళండి. సొనోరా ఎడారిలో ఉండే యాంటెలోప్ జాక్‌రాబిట్ చెవులు అరిటాకు దొప్పల్లా నిలబడి ఉంటాయి, వాటి పల్చని చర్మంలో రక్తనాళాలు సన్నని గీతలుగా కనిపిస్తాయి. నీడలో కూర్చున్నప్పుడు ఒంటి వేడిని బయటికి పంపేది ఆ చెవులే. దాని పక్కనే పెట్టిన ఆర్కిటిక్ కుందేటి చెవులు పొట్టిగా, దట్టమైన బొచ్చుతో, కొసన నల్లగా ఉంటాయి. వివరణ చదవకుండానే ఏది ఎండలో బతికేదో, ఏది మంచులో బతికేదో తెలిసిపోతుంది. తోకల విషయంలోనూ అంతే శ్రద్ధ కనబరిచారు: ఐరోపా గోధుమరంగు కుందేటి తోక పైభాగం నల్లగా ఉంటుంది, పర్వత కుందేటి తోక పూర్తిగా తెల్లగా ఉంటుంది. భారతీయ కుందేటిని పక్కకు తల తిప్పిన భంగిమలో గీయడం వల్ల, చెవుల వెనుక నుంచి భుజాల దాకా మెడ మీద పరుచుకున్న నల్లని మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం నైగ్రికాలిస్‌కు 'నల్లమెడ' అనే అర్థం. ఇక కాలిఫోర్నియా సింధుశాఖలోని ఎస్పిరిటు శాంటో ద్వీపానికే పరిమితమైన నల్ల జాక్‌రాబిట్ కార్డు ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నిగనిగలాడే నలుపులో అక్కడక్కడ దాల్చినచెక్క రంగు మెరుస్తూ, దాని వెనుక లేతరంగు రాళ్ళు.

ఇంత మంచి బొమ్మలకు ఒక కొలబద్ద జోడించి ఉంటే ఎంత బాగుండేది! అన్ని జాతులనూ కార్డు నిండేలా ఒకే పరిమాణంలో గీశారు. వాయవ్య చైనాలోని తారిమ్ లోయలో ఉండే యార్కండ్ కుందేలు రెండు కిలోలు కూడా తూగదు; ఆర్కిటిక్ కుందేలు నాలుగైదు కిలోలు తూగుతుంది. ఈ పెట్టెలో మాత్రం రెండూ తోబుట్టువుల్లా ఉన్నాయి.

పటాలు ఇంకా నిరాశపరిచాయి. దక్షిణ అమెరికాకు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు సొంత కుందేటి జాతి ఒక్కటీ లేదు. అక్కడ ఇప్పుడు పరిగెత్తుతున్నవి మనుషులు తీసుకెళ్ళి వదిలిన ఐరోపా కుందేళ్ళ సంతతి. ఆ ఐరోపా కుందేటి కార్డు మీద పుట్టినచోటుకూ, వదిలినచోటుకూ ఒకే రంగు పూశారు. చిన్న గీతల గుర్తు పెట్టినా సరిపోయేది.

అంతకంటే ముఖ్యమైన లోపం, ప్రతి జాతినీ గట్టు కట్టిన పొలంలా గిరి గీసి చూపడం. కుందేళ్ళ అసలు కథ ఆ గట్ల మీదే నడుస్తుంది. స్నోషూ కుందేలు చలికాలంలో తెల్లబడుతుంది, ఆ మార్పును నడిపేది పగటి నిడివే గాని మంచు కాదు. కాబట్టి మంచు ఆలస్యమైన ఏడాది గోధుమరంగు నేల మీద తెల్లటి కుందేలు వేటాడే జంతువులకు దూరం నుంచే దొరికిపోతుంది. అయితే పసిఫిక్ తీరం వైపు, మంచు తక్కువగా పడే చోట్ల, అవి చలికాలంలోనూ గోధుమరంగులోనే ఉంటాయి. ఆ లక్షణానికి కారణమైన జన్యువు వాటికి ఏనాడో నల్లతోక జాక్‌రాబిట్‌తో జరిగిన సంకరం వల్ల వచ్చిందని 2018లో వెలువడిన పరిశోధన చూపింది. ఈ రెండు కార్డులూ పెట్టెలో ఉన్నాయి, కానీ ఒకదాని ఊసు రెండోదానిలో లేదు. అలాగే ఈనాడు పర్వత కుందేలు కనిపించని ఐబీరియా ద్వీపకల్పంలో (స్పెయిన్, పోర్చుగల్ ఉన్న చోటు), అక్కడి కుందేళ్ళు చాలావాటి మైటోకాండ్రియాలో, అంటే తల్లి నుంచి పిల్లలకు వచ్చే కణభాగంలో, పర్వత కుందేటి వంశచిహ్నం ఉంది. మంచుయుగంలో అక్కడ ఉన్న పర్వత కుందేళ్ళతో జరిగిన సంకరానికి అది జ్ఞాపకం. దానికీ ఇక్కడ చోటు లేదు.

జాతుల సంఖ్యనైనా తేలిన లెక్కలా చెప్పకుండా ఉండవలసింది. కుందేటి జాతులు ఎన్ని అన్న ప్రశ్నకు ఒక్కో నిపుణుడిదీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న ధోరణి. కార్సికా కుందేటినే తీసుకోండి: 1898లో జాతిగా వర్ణించారు, ఆ తర్వాత చాలా కాలం ఐరోపా కుందేటి ఉపజాతిగా లెక్కించారు, మళ్ళీ జాతిగా ఒప్పుకున్నారు. పైగా దాని సొంత నేల దక్షిణ ఇటలీ, సిసిలీ. పేరిచ్చిన కార్సికాకు దాన్ని మనుషులే చేర్చారు. ఇంత రుచికరమైన సంగతి ఉండగా, ఆ కార్డులోని వివరణ బొచ్చు రంగుతోనే ముగిసింది.

కొనవచ్చునా అంటే, బొమ్మల కోసం తప్పకుండా కొనవచ్చు. పిల్లలకు ఇచ్చేవారు మాత్రం ముందుగా మూడో పరిచయ కార్డును బయటికి తీయండి. నేను దాని బొమ్మ మీద తెల్ల కాగితం అంటించి, గడ్డి గుంటలో కళ్ళు తెరిచి కూర్చున్న పిల్లను పెన్సిలుతో గీసి పెట్టాను. బాగా రాలేదు గాని, ఒంటి మీద బొచ్చు మాత్రం ఉంది.